చాటెడు తవుడుకు కొన్న పిల్ల

హనుమక్క ఎవరినీ నమ్మేది కాదు. ఆమెను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కొందరికి ముక్కు కోటేరుగా ఉంటుంది, కొందరికి జుట్టు ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆమెకు అనుమానం అలా ఉండేది.

పెనుకొండ అవతల, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ గోడ పొడవునా గొర్రెలు మేపుకునే మనిషి. కొత్త కార్లను మోసుకుని పెద్ద లారీలు బయటికి వచ్చే వేళకు మందను రోడ్డు దాటించేది కాదు. డ్రైవరు బండి ఆపి, "దాటుకోమ్మా, నిలబడినా గదా" అని చెయ్యి ఊపినా కదిలేది కాదు. ఎందుకు నిలబడ్డాడో తేల్చుకోవాలని వాడి ముఖమే చూస్తూ ఉండేది. చివరికి లారీవాడే విసుగెత్తి పోయేవాడు. అంగన్‌వాడీలో ఇచ్చిన పిండిని ముందు కోడికి పెట్టి, సాయంత్రం దాకా కోడి బాగానే తిరిగితే అప్పుడు పిల్లకు కలిపేది. ఊళ్ళో అన్ని కోళ్ళకంటే ఆ కోడి బలిసింది.

"పొద్దు పొడిస్తే గూడా, ఎందుకు పొడిసిందబ్బా అని చూస్తాది హనుమక్క," అని నవ్వుకునేవాళ్ళు ఇరుగుపొరుగు.

ఊరికే వచ్చిన గుణం కాదు అది. తొలిచూలు కొడుకు పురిట్లోనే పోయాడు. రెండోవాడు పాకే వయసులో జ్వరమొస్తే టౌనులో ఒక క్లినిక్కుకు ఎత్తుకుపోయింది. సూది వేశారు. తెల్లారేసరికి బిడ్డ లేడు. "ఏమైందప్పా నా బిడ్డకి?" అని అడిగితే ఆ డాక్టరు సెల్లు చూసుకుంటూ, "ఆలస్యంగా తెచ్చావు" అన్నాడు. జబ్బు పేరు చెప్పలేదు. సూది ఎందుకో చెప్పలేదు. తప్పు మాత్రం ఆమె నెత్తిన పెట్టి పంపాడు.

దారి పొడవునా ఆమె "నా బిడ్డ, నా బిడ్డ" అని ఏడుస్తూనే వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అదే తప్పనిపించింది. బిడ్డ బతికి ఉన్నన్నాళ్ళూ కూడా అలాగే ముద్దుచేసింది కదా, వీధిలో, బస్సులో, అందరి ముందూ. అది ఎవరో విన్నారు. విని కన్నేశారు. ఎవరో అంటే ఎవరని అడిగితే చెప్పేది కాదు. చూపుడువేలు ఒకసారి పైకప్పు వైపు, ఒకసారి మూలనున్న చీకటి వైపు చూపించి ఊరుకునేది.

బిడ్డలు దక్కని ఇళ్ళలో ఆ ప్రాంతాన ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టి, పెంటదిబ్బ మీద వదిలి, తల్లి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తుంది. దిబ్బనే అక్కడ తిప్ప అంటారు. పిల్లలు చల్లగా ఉన్న ఇంకో ఇంటి ఆమె దారిన పోతున్నట్టు పోయి, "అయ్యో, ఎవురో పారేసినారే" అని ఆ బిడ్డను ఎత్తుకుంటుంది. తర్వాత కన్నతల్లి బేరమాడి ఆమె దగ్గర కొనుక్కుంటుంది. ధర ఎంత తక్కువైతే అంత మంచిది. చెత్త సరుకు అనుకుంటే, ఎత్తుకుపోవడానికి కాచుకున్నవాడు కూడా వదిలేసి పోతాడని నమ్మకం.

హనుమక్కకు మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. తిప్ప మీద నుంచి ఎత్తుకున్నది ఎదురింటి బుజ్జమ్మ, ముగ్గురు కొడుకుల తల్లి. వీధంతా వినేటట్టు ఇద్దరూ బేరం పెట్టారు.

"ఏం పిల్లమ్మా ఇది, కోతిపిల్ల మాదిరి! నాకెందుకు, నువ్వు తీసకపో," అంది బుజ్జమ్మ.

"ఊరికిచ్చినా నాకొద్దు. పోనీ అని చాటెడు తవుడిస్తా."

"తవుడన్నా మంచిదేనా?"

"పురుగుపట్టింది."

"పురుగుపట్టిన తవుడే దీనికి ఎక్కవ. ఎత్తకపో."

పిల్లకు తిప్పమ్మ అని పేరు పెట్టారు. ఆనాటి నుంచి హనుమక్క నోట "నా బిడ్డ" అన్న మాట రాలేదు. పిల్ల చేత "అమ్మా" అనిపించుకోలేదు. తిప్పమ్మ కన్నతల్లిని "అక్కా" అంటుంది, బుజ్జమ్మను "అమ్మా" అంటుంది. పొద్దున్నే జడ వేస్తూ "ఎవురి పిల్లవే నువ్వు?" అని హనుమక్క అడగాలి. "బుజ్జమ్మ పిల్లని" అని పిల్ల చెప్పాలి. చాలా ఇళ్ళలో ఏడాది తిరిగేసరికి ఈ తంతు సడలిపోయి, పేరు ఒక్కటే మిగులుతుంది. హనుమక్క సడలనివ్వలేదు. ఒకసారి భర్త గంగన్న కల్లు తాగి వచ్చి "నా బంగారు, నా బిడ్డ" అని పిల్లను ఎత్తుకుంటే, చేతిలో చెంబు వాడి మీదికి విసిరింది. బుజ్జమ్మ సంసారం మరమగ్గాల పనికని ధర్మవరం తరలిపోయినా, పిల్ల జవాబు మారలేదు.

తిప్పమ్మకు నాలుగేళ్ళు వచ్చాయి గాని రెండేళ్ళ పిల్లలా ఉండేది. గొర్రెపిల్ల వెంట కాస్త పరిగెత్తి కూలబడేది. బువ్వ తింటుంటే నుదురు చెమటతో తడిసిపోయేది. చలి తిరిగితే చాలు, దగ్గు, ఆయాసం. బడి దగ్గర పెట్టిన క్యాంపులో ఒక డాక్టరమ్మ చాలాసేపు గొట్టం పెట్టి విని, గుండెలో గోడకు చిల్లు ఉందని చెప్పింది. హిందూపురంలో చూపించమంది. ఆపరేషను కావాలంటే సర్కారే చేయిస్తుందంది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను కూడా పనికిరాదంది.

"ఊరికే ఎందుకు చేయిస్తాది సర్కారు?" అంది హనుమక్క.

ఆ ప్రశ్న మీదే నెలలు గడిచిపోయాయి. గంగన్న మందను తోలుకుని మడకశిర అవతలికి, కన్నడ ఊళ్ళ వైపు పోయి ఉన్నాడు. ఫోనులో బతిమాలాడు, తిట్టాడు. ఆమె కదల్లేదు. ఒకనాడు మధ్యాహ్నం పిల్ల దగ్గి దగ్గి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. మరునాడు పిల్లను చంకనేసుకుని, దుప్పటి, బువ్వ క్యారియరు పట్టుకుని పెనుకొండ స్టేషనులో రైలెక్కింది.

హిందూపురంలో ఆమె చేరుకున్న పిల్లల ఆసుపత్రిని ఒక ట్రస్టు నడిపేది. సరిగ్గా ఆ వారమే అక్కడ శిక్షణ జరుగుతోంది. అది డాక్టర్లకు కాదు, డాక్టర్లకు చదువు చెప్పే పంతుళ్ళకు. మందల వెంట తిరిగే పిల్లలు, ఇటుకబట్టీల దగ్గర పుట్టే పిల్లలు, బస్సు పోని ఊళ్ళ పిల్లలు ఆసుపత్రి దాకా ఎందుకు రారు, వచ్చినా ఎందుకు మధ్యలో పారిపోతారు, అలాంటి పిల్లలకు వైద్యం చెయ్యడం తమ విద్యార్థులకు ఎలా నేర్పాలి అని తెలుసుకోవడానికి మెడికల్ కాలేజీల నుంచి వచ్చారు. నడిపించేది డాక్టర్ ఉమాదేవి. ధర్మవరంలో బట్టలంగడి వాళ్ళ ఆడపడుచు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో కూర్చోలేక ఈ పని పెట్టుకుంది.

ఇదంతా హనుమక్కకు ఎవరు చెబుతారు? ఆమెకు కనిపించింది వేరు. పిల్ల మంచం చుట్టూ ముగ్గురు కుర్ర డాక్టర్లు. వాళ్ళకు ఏదో చెబుతూ కృష్ణకాంత్ అనే ఇంకో డాక్టరు, కోస్తా వైపు మనిషి. వీళ్ళ వెనక గోడ వారగా పెద్ద డాక్టర్ల వరుస. వాళ్ళు పిల్లను చూడటం లేదు. కృష్ణకాంత్‌ను చూస్తున్నారు, చూసి కాగితాల మీద రాసుకుంటున్నారు. పిల్లను చూసేవాళ్ళు చూస్తుంటే, ఆ చూసేవాళ్ళను చూసేవాళ్ళు ఇంకొందరు. ఈ కాపలా ఎందుకు? ఈ డాక్టరు ఏం తప్పుచేశాడని ఇంతమంది రాసుకుంటున్నారు? తప్పుచేసిన వాడి చేతికే తన పిల్లను ఎందుకిచ్చారు?

ఉమాదేవి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"తెచ్చినావు, మంచిపని చేసినావమ్మా," అంది.

ఆలస్యంగా తెచ్చావనే మాట కోసం హనుమక్క దారి పొడవునా ఒళ్ళు బిగబట్టుకుని వచ్చింది. ఆ మాట రాలేదు. రాకపోయేసరికి భయం ఇంకా ఎక్కువైంది. తిట్టాల్సిన చోట మెచ్చుకుంటున్నారంటే ఏదో ఉంది.

"ఈ పిల్ల డాక్టర్లు తిప్పమ్మ గుండె చప్పుడు వినాలంటాండారు. వింటే వాళ్ళకి చదువొస్తాది, నీ పిల్లకి దాంతో వచ్చేదేం లేదు. నీకిష్టమైతేనే," అంది ఉమాదేవి.

"ఒద్దంటే?"

"ఒద్దంటే ఒద్దు. పిల్లకి చేసే వైద్యం చేస్తాము."

హనుమక్క ఆ ముఖం వైపు చాలాసేపు చూసింది. అడిగి తీసుకునేవాళ్ళను ఆమె ఎప్పుడూ చూడలేదు. అడక్కుండా తీసుకునేవాళ్ళ దగ్గర ఎలా ఉండాలో తెలుసు, వీళ్ళ దగ్గర ఎలా ఉండాలో తెలీదు.

"ముగ్గురు వినండి. అంతకు మించితే అరిగిపోతాది," అంది.

"ఏమి?"

"గుండె."

గోడవార ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఉమాదేవి మాత్రం నవ్వకుండా, "ముగ్గురే," అని ఒప్పుకుంది. అంతలో ఎవరో పిలిస్తే కింది అంతస్తుకు పోయింది. పాఠం కృష్ణకాంత్ చేతికి వచ్చింది.

అతను చెడ్డవాడు కాదు. గొంతు మెత్తగా ఉంటుంది. పిల్లను ముట్టుకునే ముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నాడు. ముందు ఇంటి సంగతి అడగాలని విద్యార్థులకు చెప్పి, తానే మొదలుపెట్టాడు.

"పాప నీ కూతురేనా అమ్మా?"

హనుమక్క పైకప్పు చూసింది. మూలన చూసింది. ఆసుపత్రి కంటే ఆ చెవులు దగ్గరగా ఉండే చోటు ఇంకేముంటుంది?

"కాదు సామీ."

"మరి?"

"కొన్నా."

"కొన్నావా! ఎక్కడ?"

"మా ఊర్లోనే. ఎదురింటామె అమ్మింది."

"దేనికి అమ్మింది? అంటే, ఏమిచ్చావు?"

"చాటెడు తవుడు."

కుర్ర డాక్టర్ల చేతుల్లో పెన్నులు ఆగిపోయాయి. కృష్ణకాంత్ గొంతు తగ్గించాడు. "కన్నతల్లి ఎవరు?"

"ఎవురో మాకేం తెలుసు. తిప్ప మీద పారేసినారు."

అతను పిల్ల వైపు వంగాడు. "పాపా, మీ అమ్మ ఎవరు?"

"బుజ్జమ్మ," అంది తిప్పమ్మ, రోజూ పొద్దున చెప్పే జవాబే కనుక గట్టిగా.

"మరి ఈమె?"

"అక్క."

కృష్ణకాంత్ లేచి గోడ దగ్గరికి పోయాడు. వరుసలోని ఇద్దరితో ఇంగ్లీషులో గుసగుసగా మాట్లాడాడు. ఒకాయన ఫోను తీశాడు. ఆ మాటల్లో హనుమక్కకు తెలిసినది ఒక్కటే. పోలీస్. రెండోసారి కూడా అదే వినిపించింది.

ఆమె అనుమానాలన్నిటికీ ఒక్కసారిగా అర్థం దొరికినట్టయింది. ఊరికే ఆపరేషను చేయిస్తామనడం ఇందుకే. మెచ్చుకోవడం ఇందుకే. పిల్లను తీసుకుపోవడానికి.

"లెట్రిన్ యాడుండాదమ్మా?" అని నర్సును అడిగింది. దుప్పటి, క్యారియరు మంచం మీదే వదిలింది. సామాను ఉంటే మనిషి తిరిగొస్తుందనుకుంటారు. పిల్లను కొంగులో చుట్టుకుని, లెట్రిన్ పక్కనుంచి, మందుల గది వెనక నుంచి, స్కూటర్లు పెట్టే చోటు గుండా రోడ్డెక్కింది.

రైలు పెనుకొండలో ఆగినప్పుడు దిగలేదు. కొండ కనిపిస్తూనే ఉంది, దిగితే ఇల్లు. కాని ఊరు చెప్పింది ఆసుపత్రిలో. పోలీసులు ముందు వచ్చేది అక్కడికే. ఎదురుగా కూర్చున్న ముసలాయన పిల్లకు జామకాయ ముక్క ఇవ్వబోతే హనుమక్క పిల్ల చెయ్యి వెనక్కి లాగింది. నన్నెందుకు చూస్తున్నాడు, దిగితే నా వెంటే దిగుతాడా అనుకుంటూ ధర్మవరం దాకా పోయింది. ఆయన నాగసముద్రంలోనే దిగిపోయాడు. అప్పుడూ అనుమానమే, ఎవరికి చెప్పడానికి దిగాడో అని.

ధర్మవరంలో బుజ్జమ్మ ఉండే సందులో మగ్గాల చప్పుడు ఆగదు. బుజ్జమ్మ గడపలో కూర్చుని కండెలు చుడుతోంది. హనుమక్కను, కొంగులో పిల్లను చూసి చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

"ఏమే, దుప్పటిగూడా లేకుండా వచ్చినావు. ఆసుపత్రికి పోతానంటివే?"

హనుమక్క జరిగింది చెప్పింది. బుజ్జమ్మ తల కొట్టుకుంది.

"నీకు మతి ఉండాదా లేదా? డాక్టరు ముందర గూడా తవుడు కతేనా?"

"యాడైనా వినేవాళ్ళు వింటారు."

"వింటే విననీ! గుండెకి చిల్లంటే ఆటనుకున్నావా? మళ్ళీ తీసకపో. నేను అమ్మిన పిల్ల, నేను చెప్తాండా."

తిప్పమ్మ పాకుతున్నట్టు పోయి బుజ్జమ్మ ఒళ్ళో తల పెట్టి, "అమ్మా, నీళ్ళు" అంది. బుజ్జమ్మ నీళ్ళు తాగించి, చెమట తుడిచి, ఆ జుట్టు వెనక్కి సర్దింది. హనుమక్క చూస్తూ నిలబడింది. బుజ్జమ్మకు ముగ్గురూ మగపిల్లలే. ఆడపిల్ల మీద ఆశ ఉండదా? మళ్ళీ ఆసుపత్రికి పొమ్మని ఇంత తొందర దేనికి? పోలీసులు అడిగితే "నా పిల్లే" అని చెప్పి ఉంచుకోవాలనా? నాలుగేళ్ళు తానే నేర్పిన మాట, ఆ పిల్ల నోట అంత తియ్యగా వస్తుంటే, ఆ తియ్యదనంలో కూడా ఏదో ఎత్తు కనిపించింది. ఆ పూట బుజ్జమ్మ పెట్టిన సంగటి ముద్దను కూడా వేలితో విడదీసి చూసి తిన్నది. బుజ్జమ్మ గమనించింది.

"కోడిని తెచ్చుకోలేకపోయినావా?" అంది.

మరునాడు పొద్దున ఆ సందు మొదట్లో ఆటో ఆగింది. ఉమాదేవి దిగింది, వెనకే కృష్ణకాంత్, అతని చేతిలో హనుమక్క దుప్పటి, క్యారియరు. హనుమక్క బుజ్జమ్మ వైపు తిరిగింది.

"నువ్వే ఫోను కొట్టినావు."

"నా ఫోనులో ఛార్జింగే లేదు పో!"

"గంగన్న చెప్పినాడు," అంది ఉమాదేవి. "ఆసుపత్రిలో ఆయన నంబరే ఇచ్చినావు గదా. బుజ్జమ్మ ఇంటికి గాక యాడికి పోతాది అన్నాడు. ఆయన ఆడినుంచి బస్సెక్కినాడు."

"పోలీసులేరి?"

"లేరు. ఎవరినీ పిలవలేదు."

"మరి ఈయప్ప ఎందుకొచ్చినాడు?"

కృష్ణకాంత్ దుప్పటి అందించబోయాడు. ఆమె తీసుకోలేదు. అతను దాన్ని గడప మీద పెట్టాడు. "నేను వేరేగా అనుకున్నానమ్మా. పిల్లలను కొని పనికి తిప్పేవాళ్ళు ఉంటారు. అలాంటిదేమోనని భయపడ్డాను. ఇంకో నాలుగు మాటలు అడగాల్సింది. అడక్కుండా గోడ దగ్గరికి పోయాను."

హనుమక్క తానొక్కతే అనుమానపు మనిషి అనుకునేది ఇన్నాళ్ళూ. ఈయన కూడా అదే జాతి.

ఉమాదేవి చాప మీద కూర్చుంది. "మా అవ్వ పేరు పుల్లమ్మ. ఎందుకో తెలుసా? పుట్టంగానే పుల్లాకులో, అదే ఎంగిలి విస్తరాకులో పెట్టి ఎత్తుకున్నారంట. మా ముత్తవ్వ పెద్ద అంగడి గలామె. ఆమెగ్గూడా బిడ్డ పోతాదనే భయమే. ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను గదిలో ఉండాల్సింది. లేను. అది నా తప్పు." ఆమె కృష్ణకాంత్ వైపు చెయ్యి చూపింది. "ఈయన ఏటేటా ఎంతోమంది డాక్టర్లకి పాఠం చెప్తాడు. వాళ్ళంతా మన ఊర్లకే వస్తారు. ఈయనకి తెలీకపోతే వాళ్ళందరికీ తెలీదు. వెనకాల నిలబడి రాసుకున్నోళ్ళు పిల్ల గురించి రాసుకోలేదు. ఈయన పాఠం ఎట్ల చెప్తాండాడో రాసుకున్నారు."

"తప్పులు రాసినారా?"

"చాలా."

ఆ మాట హనుమక్కకు కొంచెం నచ్చింది. అయినా గడప దాటి ముందుకు రాలేదు.

"ఆపరేషనుకి ఏం చెప్పాల నేను?"

"సంతకం పెట్టాల. కాగితంలో తల్లి పేరు దగ్గర నీ పేరే ఉండాది, ఆధార్‌లో ఉన్నట్టు."

"సంతకం పెడతా. కాగితం చెవుల్లేంది. నోటితో మాత్రం చెప్పను."

"చెప్పొద్దు."

"ఎవురైనా అడిగితే?"

ఉమాదేవి వెంటనే జవాబివ్వలేదు. అందుకే హనుమక్క ఆమెను ఇంకాసేపు చూసింది. తటాలున "ఎవరూ అడగరు" అని ఉంటే ముఖం తిప్పుకుని లోపలికి పోయేదేమో.

"అడుగుతారు," అంది ఉమాదేవి. "అడక్కుండా ఉండరు. అప్పుడేం చెయ్యాలో చూద్దాము."

లోపలి నుంచి తిప్పమ్మ దగ్గు వినిపించింది. ఆగి ఆగి, చివర్లో ఈల వేసినట్టు. బుజ్జమ్మ పిల్లను తెచ్చి హనుమక్క చంకలో పెట్టి, "పో. వాపసు ఇస్తే తీసుకోను. నాకెందుకీ కోతిపిల్ల? ఆ పురుగుపట్టిన తవుడు గూడా కోళ్ళకేసినా," అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంది. ఆ కన్నీళ్ళలో ఎత్తు వెతకడానికి హనుమక్కకు ఈసారి చేతకాలేదు.

హిందూపురం ఆసుపత్రికి బెంగుళూరు నుంచి గుండె ఆపరేషన్ల డాక్టరు ఒకాయన వచ్చాడు. ఎవరికి ఎప్పుడు చెయ్యాలో తేల్చడానికి వచ్చినవాడు. తొందరలో ఉన్నాడు. గంగన్న రాత్రంతా బస్సుల్లో కూర్చుని వచ్చి, గోడకు ఆనుకుని, నోరు విప్పితే చెంబు వస్తుందేమోనన్నట్టు నిలబడ్డాడు. పంతుళ్ళ వరుస ఎప్పటిలాగే గోడవార ఉంది. ఆ పెద్ద డాక్టరు పరీక్షల చిత్రాలు చూసి, పిల్ల గుండె విని, ఇంకా వేళ మించలేదని, వెంటనే బెంగుళూరులో ఆపరేషను చెయ్యాలని అన్నాడు. తర్వాత తలెత్తి గట్టిగా అడిగాడు.

"తల్లి ఎవరు? నీ పాపేనా అమ్మా?"

హనుమక్క పిల్లను ఎంత గట్టిగా పట్టుకుందంటే తిప్పమ్మ మెలికలు తిరిగింది. కాదంటే పిల్లను ఇవ్వరు. అవునంటే విననే వింటారు. కత్తి పెట్టబోయే ముందు, ఈ గదిలోనే. పైకప్పు చూసింది.

"కాదు సార్," అన్నాడు కృష్ణకాంత్.

పెద్ద డాక్టరు అతని వైపు తిరిగాడు.

"కొన్న పిల్ల సార్. చాటెడు తవుడుకు." కృష్ణకాంత్ మాటలు డాక్టరుతో అంటున్నా, ముఖం కొంచెం పైకెత్తి, మూలమూలకూ వినిపించేటట్టు చెప్పాడు. "తవుడు కూడా పురుగుపట్టిందట. కోతిపిల్లలా ఉందని అమ్మినావిడ వదిలించుకుందట. అంత పనికొచ్చే పిల్లేం కాదు సార్. ఏదో, చూస్తే చూడండి."

"పనికిమాలిన పిల్ల," అంది ఉమాదేవి అటు నుంచి. "పేరే పెంటదిబ్బ పేరు."

పెద్ద డాక్టరు ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ఉమాదేవి కాగితం ముందుకు జరిపి, తల్లి పేరున్న చోట వేలు పెట్టింది. ఆయన ఆ పేరు చదివాడు, హనుమక్కను చూశాడు, ఇంకేమీ అడగలేదు. హనుమక్క పెదవులు బిగించి, పెన్ను అందుకుని, వంకరటింకరగా సంతకం పెట్టింది.

అప్పటిదాకా ఆమె కృష్ణకాంత్ ముఖాన్ని సరిగా చూడలేదు. ఇప్పుడు చూసింది. ఇంత చదువుకున్న మనిషి, ఇంతమంది పంతుళ్ళ ముందు, తన కోసం ఒక అబద్ధం ఆడాడు. ఆడి, తడబడలేదు. నిజాలు చెప్పిన డాక్టర్లను ఆమె చాలామందిని చూసింది.

బెంగుళూరు పోయే వ్యాను గేటు దగ్గర నిలబడినప్పుడు ఆసుపత్రి గడప దాకా పిల్లను మోసుకొచ్చి, అక్కడ ఆగింది.

"సామీ, నువ్వెత్తుకో. ఈ గడప నేను దాటిస్తే నాదనుకుంటారు."

కృష్ణకాంత్ చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని పిల్లను అందుకున్నాడు. హనుమక్క కొంచెం దూరంగా, ఎవరో దారిన పోయే మనిషిలా, ఖాళీ చేతులతో వ్యాను దాకా నడిచింది.

ఆపరేషను అయింది. కొన్నాళ్ళు జ్వరం పెట్టి భయపెట్టి, తర్వాత తిప్పమ్మ తేరుకుంది. ఎండలు ముదిరేసరికి ఫ్యాక్టరీ గోడ వెంట గొర్రెపిల్లల వెనక పరిగెత్తుతోంది. ఒక్కోసారి గొర్రెపిల్లే ఆగిపోతోంది. రొమ్ము మీది కుట్ల గీతను హనుమక్క రోజూ వేలితో తడిమి చూసేది, రాత్రికి రాత్రి ఎవరైనా మార్చారేమోనన్నట్టు. జడ వేస్తూ "ఎవురి పిల్లవే" అని అడగడం మానలేదు.

మళ్ళీ చూపించుకోవడానికి హిందూపురం పోయిన రోజు ఆసుపత్రిలో పంతుళ్ళ కొత్త జట్టు ఉంది. వాళ్ళకు నేర్పడానికి ఈసారి కృష్ణకాంత్ వచ్చాడు. గోడవార వరుస, చేతుల్లో కాగితాలు, అంతా మామూలే. అతను హనుమక్కను అడిగి, పిల్ల గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

అతను గొట్టం తీసి, మెడలో వేసుకుని, పెదవి విరిచాడు.

"ఏదో ఉండాదిలే," అన్నాడు, ఆ ఊరి మాటలోనే.

"ఏదో అంటే? ఏముండాది? నిజం చెప్పు సామీ, ఏమన్నా ఉండాదా?"

అతను పైకప్పు వైపు చూశాడు, తర్వాత మూలకు చూశాడు. అప్పటికి ఆమెకు అర్థమైంది. అయినా మంచం చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి నిలబడి, ఆ పెదవి చివర నవ్వు నిజంగా ఉందో లేదో కిందనుంచి వంగి చూసింది.